రచయితకు పీట వేసిన గ్రంథాలయములు

గ్రంథాలయమనగానే మన మనోనేత్రమునకు గోచరించునవి మూడు: బీరువాలలో వరుసలు దీరిన పుస్తకములు, బల్లకు ఇరువైపుల వంగి చదువుకొను పాఠకులు, వాకిటి దగ్గర చిట్టా ముందు పెట్టుకొని కూర్చున్న గ్రంథపాలకుడు. ఈ మూడింటితో గ్రంథాలయము నిండినదని మనము భావింతుము. కాని నాల్గవవాడొకడు కలడు. ఆతడు ఆ పుస్తకములను వ్రాసినవాడు. అట్టమీద పేరై, పుటలలో మాటయై ఆతడు అచ్చట ఉండును గాని, కూర్చుండుటకు ఆ యింట ఆతనికి కుర్చీ యుండదు. వండినవానికి విస్తరి వేయని విందువంటిది ఈ యేర్పాటు.

ఇతర దేశములవారు కొందరు ఈ లోటును గుర్తించిరి. అమెరికా రాజధానియందలి కాంగ్రెసు గ్రంథాలయము 1937 నుండి ఒక కవిని తన సలహాదారుగా నియమించుకొనుచున్నది. 1985లో ఆ పదవికి ఆస్థానకవి గౌరవము చట్టముచేత చేకూరినది. కెనడాలో రెజైనా, సాస్కటూన్ వంటి నగరముల పౌర గ్రంథాలయములు మరియొక అడుగు ముందునకు వేసినవి. 1980వ సంవత్సరమునకు అటునిటుగా ఆరంభించి, అవి ఒక రచయితను కొన్ని మాసములపాటు గ్రంథాలయముననే నిలుపుకొని, వేతనమిచ్చి, వ్రాసికొమ్మని ఒక గది చూపుచున్నవి. అందులకు బదులుగా ఆతడు చేయవలసిన పని ప్రధానముగా ఒక్కటే. ఆ యూరివారు వ్రాసి తెచ్చిన కాగితములను ఓపికతో చదివి, మంచిచెడ్డలు చెప్పి పంపవలెను. బడిపంతులు వ్రాసిన కథయు, ముదుసలి వ్రాసిన జ్ఞాపకములును ఆ బల్లమీదికే వచ్చును. కొంతకాలము తన రచనకు, కొంతకాలము ఊరివారి రచనకు: ఇదియే అందలి ఒప్పందము.

ఇది సంపన్న దేశములవారి వేడుక యని మనలో కొందరనుకొనవచ్చును. కాని మన సాహిత్య చరిత్రను ఒకసారి తిరుగవేసినచో, పేరు వేరైనను ఇట్టి యేర్పాటు తెలుగువారికి రెండు వందల యేండ్ల క్రిందటనే పరిచితమని తెలియగలదు. విశేషమేమనగా, దానిని నెలకొల్పినవాడు రాజు కాడు, జమీందారును కాడు. నెలజీతముమీద ఆధారపడి, ఊరూరికి బదిలీ యగుచు, పైయధికారుల ఉత్తరువులకు బద్ధుడైయుండిన ఒక సర్కారు ఉద్యోగి. ప్రభుత్వోద్యోగులమై, పుట్టినయూరికి దూరముగా కాపురములు చేయుచున్న మనము ఆ కథ నొకమారు స్మరించుట ఉచితముగా నుండును.

ఆస్థానమునకును గ్రంథాలయమునకును భేదము

పూర్వము రాజాస్థానములలో కవులకు ఆసనములు లేకుండెనా యని ఎవరైన ప్రశ్నింపవచ్చును. ఉండెను. తంజావూరు నాయకరాజులు తెలుగుదేశమునకు వెలుపల నుండియు తెలుగు కవులను, రామభద్రాంబ, రంగాజమ్మ వంటి కవయిత్రులను ఆదరించిరి. ఆ కోటలోని పుస్తక భాండాగారము తరువాతి మహారాష్ట్ర రాజుల కాలమున, ముఖ్యముగా రెండవ శరభోజి హయాములో పెంపొంది, సరస్వతీ మహలు గ్రంథాలయముగా నేటికిని నిలిచియున్నది. అయినను ఆస్థానకవి ప్రధానముగా ప్రభువు మెప్పునకు వ్రాసెను. ప్రభువు పోయిన ఆసనము పోయెను. గ్రంథాలయ రచయిత యన్ననో, పాఠకుని కొరకు పనిచేయువాడు. ఆతని కృతిభర్త ఊరే. ఈ భేదమును గమనించినగాని ముందు చెప్పబోవు కథలోని విలువ బోధపడదు.

సర్వేయరు వెంట నడచిన సోదరులు

కథకు ఉపోద్ఘాతముగా కావలి సోదరులను పేర్కొనవలెను. కుంపిణీ సైన్యమున ఇంజనీరై వచ్చి, పిదప దేశమునకంతకు సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీ దక్షిణాపథపు చరిత్ర సామగ్రిని సేకరింపబూనెను. ఆతనికి దేశభాషలు రావు. ఆతనికి కన్నులును చెవులునైనవారు కావలి వేంకట బొఱ్ఱయ్య, ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి. వీరును వీరి సహాయులును గ్రామ గ్రామమునకు పోయి, కరణముల కవిలెలు, దేవాలయ శాసనములు, వృద్ధులు చెప్పిన వృత్తాంతములు సేకరించి వ్రాసి పంపుచుండిరి. నేడు మనము కైఫీయతులని చెప్పుకొను స్థానిక చరిత్రలు ఆ విధముగ పోగుపడినవి. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయస్సుననే గతించెను. రామస్వామి మాత్రము అంతటితో ఆగక, దక్కను కవుల చరిత్రలను ఆంగ్లమున వ్రాసి 1829లో కలకత్తా నగరమున ప్రకటించెను. వంగదేశమున కూర్చుండి తన నాటి కవులను లోకమునకు పరిచయము చేసిన ఆ తెలుగువానిని, ప్రవాసాంధ్రుల సంచికలో తలచుకొనకుండుట న్యాయము కాదు.

మెకంజీ 1821లో మరణించెను. ఆతని సేకరణ పెట్టెలకెక్కి చెల్లాచెదరయ్యెను. ఆ పండితులకు ఒక స్థిరమైన ఇల్లు లేకపోయెను. ఇంటిని అమర్చినవాడు తరువాత వచ్చెను.

కడప బంగళా

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో పుట్టెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు, పలు భాషలు నేర్చినవాడు. బ్రౌను 1817లో చెన్నపట్నము చేరి, సెంట్ జార్జి కోట కళాశాలలో తెలుగున ఓనమాలు దిద్దెను. ఆ కళాశాల కుంపిణీ కుర్ర యుద్యోగులకు దేశభాషలు నేర్పుటకు 1812లో ఏర్పడినది. 1820లో ఆతడు కడపకు ఉద్యోగియై వచ్చెను. కచ్చేరీకి అర్జీలు తెచ్చు రైతుల మాటకును, కళాశాలలో చదివిన పుస్తకములకును నడుమనున్న దూరము ఆతనికి అచ్చటనే తెలిసెను. పిమ్మట మచిలీపట్నమునకు, రాజమహేంద్రవరమునకు బదిలీలు.

ఆతని దృష్టిని తెలుగు సాహిత్యమువైపు మరల్చినవాడు వేమన. ఒక ఫ్రెంచి మతగురువు గ్రంథమున వేమన ప్రశంస చూచి, ఆ పద్యములకై వెదుకసాగెను. ప్రతులు దొరికినవి. కాని ఏ రెండు ప్రతులును ఏకీభవింపలేదు. ఒకదానియందున్న పద్యము మరియొకదాని యందు లేదు. ఉన్నచో పాదములు మారియున్నవి. వాటిని పోల్చి, ఏరి, 693 పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించెను. పదియేండ్లకు సంఖ్యను పెంచి మరల ముద్రించెను. పండితులలో పలువురు వేమనను కవిగా లెక్కింపని కాలమది. ఊరివారి నోటిలోనున్న కవికి పుస్తకములో చోటిచ్చుట ఆనాడు సామాన్యమైన పని కాదు.

ఒక్క వేమనతోనే ఇంత శ్రమయైనచో తక్కిన కవుల గతి యేమి? తాటాకులమీది గ్రంథములు చెదపురుగుల పాలగుచుండెను. వ్రాయసగాండ్ర తప్పులు తరతరమునకు పెరుగుచుండెను. ఒక్కడు, అందును విదేశీయుడు, చేయగల పని కాదిది. 1826లో మరల కడపకు వచ్చినపుడు బ్రౌను అచ్చట తోటతో కూడిన పెద్ద బంగళాను కొని, పండితులను, లేఖకులను పిలిపించి, వారికి వసతి గల్పించి, తన జీతమునుండియే వేతనములిచ్చి పని నడిపించెను. జనులు దానిని బ్రౌను కాలేజియనిరి. పాఠములు చెప్పు కాలేజి కాదది. గ్రంథములు పుట్టు ఇల్లు.

అందలి పని యెట్లుండెడిదో కొంచెము వివరింతును. మొదట ఒక కావ్యమునకు దొరికినన్ని ప్రతులను నలుమూలలనుండి తెప్పింతురు. కొన్ని ఎరవు, కొన్ని కొనుగోలు. తాటాకుపై పదమునకు పదమునకు ఎడముండదు. పద్యమెక్కడ ముగిసెనో తెలియుటకే ఛందస్సు రావలెను. ఒక పండితుడు ఒక ప్రతి నుండి బిగ్గరగా చదువును. తక్కినవారు తమతమ ప్రతులను చూచుచు భేదము కానవచ్చిన చోట ఆపుదురు. ఏ పాఠము సరియైనదో చర్చ జరుగును. నిర్ణయమైన పాఠమును లేఖకుడు కాగితముమీద సాపు వ్రాయును. పాఠాంతరములను ప్రక్కన గుర్తించును. పిదప వ్యాఖ్యానము. కఠిన పదములకు అర్థము వ్రాసినపుడు ఆ పదము నిఘంటువునకు కూడ చేరును. ఇట్లు ఒకే బల్లమీద కావ్యము, వ్యాఖ్య, నిఘంటువు మూడును కలిసి పెరిగినవి.

ఆ యింటి పనులను చక్కబెట్టినవాడు అయోధ్యాపురపు కృష్ణారెడ్డి. కావ్యములకు వ్యాఖ్యలు వ్రాసినవారిలో జూలూరి అప్పయ్య ముఖ్యుడు. ఆయన వ్యాఖ్యతో మనుచరిత్రము 1851లో అచ్చయ్యెను. తెలుగు వ్యాకరణము 1840లో, నిఘంటువులు 1852 ప్రాంతమున వెలువడినవి. కచ్చేరీలలో వాడుకయగు పారసీ, హిందుస్తానీ పదములు కలసిన తెలుగునకు ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువు 1854లో వచ్చెను. అర్జీ, జమాబందీ, రాజీనామా వంటి మాటలతో దినము గడుపు ఉద్యోగి యొకడు ఆ మాటలను కూడ తెలుగని యొప్పుకొని వాటికి పుస్తకమున చోటిచ్చుట గమనింపదగినది.

బదిలీయు, ఋణమును

ఇంతవరకు వినుటకు ఇంపుగనే యున్నది. ఇక కష్టము సంగతి. ఉద్యోగి ఇల్లు కట్టుకొన్నంతమాత్రమున బదిలీ ఆగునా? బ్రౌను కడపలో నిలిచిన కాలము తక్కువ. ఉత్తరువు వచ్చినపుడెల్ల తాను కదలిపోవలసి వచ్చెను. పండితులతో పని జాబులమీద నడచెను. ఏ ప్రతి వచ్చినది, ఏ కాండము ముగిసినది, ఎవరికి ఎంత చెల్లవలెను అను సంగతులతో కూడిన ఆ జాబులను బ్రౌను పారవేయక భద్రపరచెను. చెన్నపట్నమున నిలిచిన ఆ జాబుల నుండియే బంగోరె యను పేర ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి 1970వ దశకమున ఆనాటి స్థానిక చరిత్రను వెలికితీసెను.

సొమ్ము సంగతి అంతకంటె కష్టము. ఒక ఉద్యోగి జీతము పండితులకు వేతనములై, కాగితమై, ప్రతులకు వెలయై పోగా ఋణములు మిగిలినవి. ఈ పని కుంపిణీ తనకప్పగించిన పనికాదు. మధ్యలో ఇంగ్లండుకు పోయినపుడు కూడ ఆతడు ఊరకుండక, లండనునందలి కుంపిణీ గ్రంథాలయమున మూలబడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను గుర్తించి చెన్నపట్నమునకు పంపించెను. తాను సేకరించిన గ్రంథములను చెన్నపట్నపు సాహిత్య సంఘమున కిచ్చివేసెను. మెకంజీ సేకరణయు, లండనునుండి వచ్చిన ప్రతులును, బ్రౌను గ్రంథములును కలసి 1869లో ఏర్పడిన ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు పునాది యయ్యెను. నేడును తెలుగున ప్రాచీన కావ్యమును పరిష్కరింపబూనిన విద్వాంసుడు ఆ గడప తొక్కవలసినదే.

1855లో బ్రౌను దేశము విడిచి పోయెను. లండనులో తెలుగు ఆచార్యుడై, 1884లో మరణించెను. కడప బంగళా యేమయ్యెను? యజమానులు మారిరి, గోడలు కూలినవి. పండితులు ఎవరి యూళ్ళకు వారు వెళ్ళిరి. వారిలో పెక్కుర పేర్లు ముఖపత్రములమీద లేవు. దొర పేరు నిలిచెను. దొరకు పాఠము చదివి వినిపించినవాని పేరు మరుగుపడెను. ఇందులో బ్రౌనును మాత్రమే నిందింపనక్కరలేదు. ఆనాటి రాజ్య మర్యాదయే యట్టిది. కాని మనము నేర్చుకొనవలసిన పాఠము మాత్రము స్పష్టము. ఒక వ్యక్తి ఔదార్యమువలన ఏర్పడిన ఇల్లు ఆ వ్యక్తితోడనే ముగియును. రచయిత కుర్చీ నిలువవలెనన్న, అది ఊరివారి సొత్తైన ఇంట నుండవలెను.

గ్రంథాలయమునుండి గ్రంథములు

అట్టి ఇంటిని తెలుగువారు తమంత తాము కట్టుకొనుటకు నలువదియేండ్లకు పైగా పట్టినది. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. రాజభాష వేరైన రాజ్యమున, తెలుగు పుస్తకము కావలెనని పైకి చెప్పుటయే సాహసమైన దినములవి. ఆ నిలయమును స్థాపించినవారిలో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారొకరు. మునగాల సంస్థానమున దివానుగా పనిచేసిన ఆయనయు ఉద్యోగస్థుడే.

పాఠకులు వచ్చిరి. కాని వారికి ఇచ్చుటకు తగిన పుస్తకములేవి? కావ్యములు, పురాణములు కలవు. చరిత్ర, విజ్ఞానశాస్త్రము, మహాపురుషుల జీవితములు తెలుగున అరుదు. గ్రంథాలయమును నడిపినవారికి కలుగు ఈ బాధయే 1906లో విజ్ఞానచంద్రికా మండలికి జన్మకారణమయ్యెను. మండలి మొదటి పుస్తకము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్ర. ఇది 1907లో వచ్చెను. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగము 1910లో మండలి పక్షముననే వెలువడెను. అనగా, గ్రంథాలయము పుస్తకములను కొని దాచుటతో తృప్తిపడక, రచయితను వెదకి, విషయము సూచించి, వ్రాయించి, అచ్చువేయించి పాఠకుని చేతికిచ్చెను. కడప బంగళాలో ఒక దొర చేసిన పని ఇచ్చట చందాదారుల బలముతో జరిగెను.

లక్ష్మణరావుగారి చెన్నపట్నపు ఇల్లు వేదవిలాసము ఈ పనికి కొనసాగింపు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును సంకల్పించి, ఆయన తన యింటి పుస్తకముల నడుమ పండితులకు చోటిచ్చెను. మల్లంపల్లి సోమశేఖరశర్మగారివంటివారు ఆ పనిలో ఆయనకు తోడ్పడిరి. అకారాది విషయములతో మూడు సంపుటములు వెలువడినవి. 1919లో కందుకూరి వీరేశలింగంపంతులుగారు తుదిశ్వాస విడిచినది ఆ యింటనే. నాలుగేండ్లకు, 1923లో, లక్ష్మణరావుగారును అచ్చటనే గతించిరి. సర్వస్వము అకారము దాటకుండగనే ఆగిపోయెను. మరల అదే పాఠము: ఇల్లు ఒక్కనిదైనచో పని ఆతని ఆయువును మించదు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు దానిని చేపట్టిరి గాని, తెగిన దారము తెగినదే.

స్థానిక రచయిత ఉన్నాడా?

ఈ మాట చెప్పినపుడెల్ల ఒక ప్రశ్న వినవచ్చును. పెద్ద నగరములలో పండితులుందురు గాని, ఈ చిన్న ప్రదేశమున రచయితలెచ్చట? తెలంగాణమున తెలుగు కవులు లేరను ఆక్షేపము ఒకప్పుడు వినబడెను. సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి వాదముతో బదులు చెప్పలేదు. ఊరూరినుండి కవుల పద్యములను తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అడుగువాడు లేనంతవరకు కవి లేనట్లే కనబడును. అడిగినచో మూడువందల యేబదినలుగురు లేచి నిలిచిరి. ఏ గ్రంథాలయమైనను మా యూర రచయితలు లేరని చెప్పుటకు ముందు, మేము ఎన్నడైన అడిగితిమా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

ఉద్యమమును, చట్టమును

ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమము మన జాతి చేసిన గొప్పపనులలో నొకటి. విజయవాడ రామమోహన గ్రంథాలయమున 1914 ఏప్రిలులో మొదటి మహాసభ జరిగినపుడు అధ్యక్షత వహించినది రచయితయైన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూర తిరిగి పుస్తకమును ప్రజల యింటికి చేర్చిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసెను. 1935లో కృష్ణాతీరపు కాలువలపై పడవయే గ్రంథాలయమై నడచెను. స్వాతంత్ర్యానంతరము మద్రాసు రాష్ట్రమున 1948లో, హైదరాబాదున 1955లో, ఆంధ్రప్రదేశమున 1960లో గ్రంథాలయ చట్టములు వచ్చి, ఇంటిపన్నుతోపాటు చెల్లించు సెస్సు ఈ సంస్థలకు ఆధారమయ్యెను.

ఇందువలన భవనము, పుస్తకము, గ్రంథపాలకుడు సమకూడిరి. పాఠకునికి న్యాయము జరిగెను. రచయిత విషయము మాత్రము సన్మాన సభలకును, దండలకును విడువబడెను. దండ సాయంకాలమునకు వాడును. రచయితకు కావలసినది ఉదయము తొమ్మిది గంటలకు తెరచియుండు తలుపు, తనకై ప్రత్యేకింపబడిన బల్ల, ఇంటిఖర్చును కొన్నినెలలు మరపించు వేతనము.

కడపలో మరల దీపము

కడప బంగళా కథ శిథిలములతో ముగియకుండుట మన యదృష్టము. ఆంగ్లోపన్యాసకులుగ పనిచేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఆ గోడలు కూలిన చోటనే బ్రౌను స్మారక గ్రంథాలయము కట్టవలెనని సంకల్పించి, యేండ్లతరబడి చందాలు కూడబెట్టిరి. 1980వ దశకమున పునాది పడిన ఆ భవనము 1995లో పాఠకులకు తెరువబడెను. తాళపత్రములును, అరుదైన పాతపుస్తకములును అచ్చట చేరినవి. పిదప యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన భాషా పరిశోధన కేంద్రమయ్యెను. వేమనకై వెదకిన ఉద్యోగి యింటిస్థలము వేమన పేరు గల విద్యాపీఠమున చేరుటలో ఒక చక్కని న్యాయము కలదు. 2014లో హనుమచ్ఛాస్త్రిగారు కీర్తిశేషులైరి. ఆ గ్రంథాలయము ఆగలేదు. ఈ పర్యాయము ఇల్లు ఒక్కనిది కాకపోవుటయే దానికి కారణము.

మన సంగతి

ఇక మన యింటికి వత్తము. నేను ఉద్యోగరీత్యా నివసించిన ఒక నగరమున తెలుగు సంఘమునకు చిన్న గ్రంథాలయముండెడిది. రెండు బీరువాలు, ఒక బల్ల. ఆదివారము సాయంకాలము ఒక పెద్దాయన వచ్చి మూలన కూర్చుండెడివారు. గుమాస్తాగా చేరి, విశ్రాంతి వేతనము పుచ్చుకొనుచుండినవారు. పల్నాటి సీమలోని తమ యూరి వ్యవసాయపు మాటలు, పనిముట్ల పేర్లు, పశువుల రంగులు చెప్పు పదములు, వానలకు రైతులిచ్చిన పేర్లు నోటుపుస్తకములలో వ్రాయుచుండిరి. దూరమునుండుటవలననే ఆ మాటలు తమకు జ్ఞాపకము వచ్చుచున్నవని ఆయన నాతో ననిరి. ఒకనాడు, “నాయనా, ఇవి ఎవరైన ఒకసారి చూచి తప్పులు చెప్పిన బాగుండును” అనిరి. చూచెదనంటిని. అంతలో లెక్కల తనిఖీ, తరువాత పిల్లల పరీక్షలు, ఆపై నాకు బదిలీ.

కొన్నియేండ్లకు ఆ నగరమునకు మరల పోయినపుడు ఆయన లేరు. పిల్లలు ఇల్లు ఖాళీ చేయునపుడు ఆ నోటుపుస్తకములు పాతకాగితముల బండికెక్కినవట. వారిని తప్పుపట్టుటకు లేదు. వారికి తెలుగు చదువ రాదు. తప్పు బల్ల ప్రక్కననే కూర్చుండియు చదువని నాది. బల్ల యుండియు దానిని ఆయనదని చెప్పని మా సంఘముది. బ్రౌను నిఘంటువులో లేని మాటలు ఆ నోటుపుస్తకములలో కొన్నియైన నుండెననియే నా నమ్మకము.

అందుచేత ఈ వ్యాసమును ఒక చిన్న కోరికతో ముగింతును. మన సంఘముల గ్రంథాలయములు చిన్నవి. కెనడా నగరములవలె జీతములిచ్చు శక్తి వానికి లేకపోవచ్చును. కాని ఏడాదికొక రచయితకు ఒక బల్లను, ఒక దీపమును, కాగితపు ఖర్చును, ఆరునెలల గడువును ఇచ్చుట ఏ సంఘమునకును భారము కాదు. ఆతడు ప్రసిద్ధుడు కానక్కరలేదు. సెక్షనులో మనతో పనిచేయువాడు కావచ్చును. క్వార్టర్సులో మన ప్రక్కింటి గృహిణి కావచ్చును. నెలకొక ఆదివారము ఆ రచయిత, తక్కినవారు వ్రాసి తెచ్చిన దానిని చదివి సలహా చెప్పవలెను. గడువు ముగిసిన పిదప వ్రాతప్రతి నకలొకటి బీరువాలో చేరవలెను. వ్రాసినవాని పేరును, ఆతనికి తోడ్పడినవారి పేర్లును దానిపై నుండవలెను. కార్యదర్శులు మారినను బల్ల మారకుండునట్లు నియమావళిలో ఒక వాక్యము చేర్చవలెను.

బదిలీలకు తలయొగ్గుచు, అప్పులు మోయుచు ఒక ఉద్యోగి మన భాషకు అంత పని చేయించెను. అది ఆతని మాతృభాష కాదు. మనకన్ననో అది తల్లి మాట. వచ్చు ఆదివారము సంఘమునకు పోయినపుడు మూలన కూర్చున్న పెద్దాయన చేతిలోని నోటుపుస్తకమును అడిగి తీసికొని చదువుదము. మొదటి పీట అక్కడ వేయవచ్చును.